పేరు అడగని జాబితా

అనకాపల్లి మెయిన్‌రోడ్డు మీద రామ్మోహనరావు గారి పాత్రసామాన్ల కొట్టుకి అరవై ఏళ్ళు నిండాయి. ఈ అరవై ఏళ్ళలో ఆ ఇంటికి నలుగురు కోడళ్ళు వచ్చారు. నలుగురూ కొట్టు పైనున్న మేడ మీదే కాపురాలు చేశారు. కింద ఏదైనా జారిపడితే ఆ చప్పుడు విని అది స్టీలో ఇత్తడో, బిందో మూతో చెప్పగలిగేంత అనుభవం సంపాదించారు. కానీ కొట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న కోడలు ఒక్కతీ లేదు. వద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు. అడగడమే తప్పేమో అన్నట్టు నలుగురూ ఊరుకున్నారు.

ఐదో కోడలు ఉషశ్రీ ఊరుకోలేదు.

ఆమె పాయకరావుపేట బియ్యం వ్యాపారుల పిల్ల. విశాఖపట్నంలో ఒక కంపెనీలో, ఆన్‌లైన్ షాపులు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం మూడేళ్ళు చేసింది. రామ్మోహనరావు గారి అబ్బాయి ధనుంజయ్‌తో పెళ్ళయిన ఏడాదికి ఆ కంపెనీ అందరినీ హైదరాబాదు వచ్చెయ్యమంది. ఆమె వెళ్ళలేదు. ఆర్నెల్లు మేడ మీద గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, ఒకరోజు తిన్నగా మామగారి దగ్గరికి వెళ్ళి, కొట్టుని ఫోన్లోకి ఎక్కిస్తాననీ, అందుకు కింద ఒక మూల, ఒక కుర్చీ కావాలనీ అడిగేసింది.

రామ్మోహనరావు గారు మంచివారు. మంచివాళ్ళకుండే జబ్బు ఆయనకీ ఉంది. కాదనలేరు, అలాగని వెంటనే అవుననీ అనలేరు. పైగా ధాన్యం వ్యాపారం చేసే అన్నగారు బంగారయ్య రోజూ సాయంత్రం కొట్టుకొచ్చి కూర్చుంటారు. ఆయన చూసి ఏమంటారోనని ఒక బెంగ. రెండు రోజులు ఆలోచించి కోడల్ని పిలిచారు.

"చూడమ్మా, వినాయక చవితి వరకూ చూద్దాం. ఈలోపల నీ ఫోను కొట్టు మీంచి పాతిక ఆర్డర్లు వత్తే నీ కుర్చీ నీకుంటాది. రాకపోతే ఎత్తేద్దాం. అప్పుడు నొచ్చుకోకూడదు."

"నొచ్చుకోను మామయ్యగారూ," అంది ఉషశ్రీ. అప్పటికే నొచ్చుకోవడం మొదలుపెట్టింది పాపం. ఆ కుర్చీ పోతే మళ్ళీ మేడ మెట్లెక్కాలి. ఈసారి ఎక్కితే ఇంక దిగడం ఉండదని ఆమెకి తెలుసు.

నెల తిరగకుండా మూడు వందల సామాన్లకి ఫొటోలు తీసి పెట్టింది. బిందెలు, గంగాళాలు, పోపుల పెట్టెలు, ఇత్తడి కుందులు, మరచెంబులు. ప్రతి ఫొటో కింద చిన్న హార్టు గుర్తు ఉంది. అది నొక్కితే ఆ వస్తువు 'నచ్చినవి' అనే జాబితాలోకి చేరుతుంది. ఉషశ్రీ ఆశలన్నీ ఆ గుర్తు మీదే. ఎందుకంటే పెళ్ళి సామాన్లంటే ఒక పూటలో తేలే బేరం కాదు. తల్లి చూడాలి, మేనత్త పెదవి విరవాలి, పెద్దమ్మ ఇంకొంచెం లోతైన గుండిగ లేదా అని అడగాలి. చూసింది ఎక్కడో ఒకచోట దాచుకుని, పది రోజులు మనసులో నానబెట్టుకుంటేనే కొనడం దాకా వస్తుంది.

ఆషాఢం మొదటి వారంలో ఆ హార్టుని ఆరు వందల నలభై సార్లు నొక్కారు. తీరా జాబితాలోకి చేరినవాళ్ళు తొమ్మిది మంది. అందులో ఒకడు ధనుంజయ్, ఒకడు వాడి స్నేహితుడు నానాజీ.

మిగతావాళ్ళంతా ఏమయ్యారో ఉషశ్రీకి తెలుసు. హార్టు నొక్కగానే ఒక పేజీ వచ్చి పడుతోంది. పేరు రాయాలి, ఫోను నంబరు ఇవ్వాలి, దానికొచ్చే ఓటీపీ కొట్టాలి, ఈమెయిల్ చెప్పాలి, పాస్‌వర్డు పెట్టుకోవాలి. ఆ పాస్‌వర్డులో మళ్ళీ ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలట. తయారుగా దొరికిన ఆన్‌లైన్ షాపుని అద్దెకి తీసుకుంటే ఈ తద్దినమంతా దాంతోపాటే వచ్చింది. బిందె బాగుందని చెయ్యి వేసిన మనిషిని పట్టుకుని రేషన్ కార్డు చూపించమన్నట్టుంది వ్యవహారం.

"ఇంత రాసే ఓపికుంటే ఆ ఆడవాళ్ళు బస్సెక్కి కొట్టుకే వచ్చేత్తారు," అన్నాడు ధనుంజయ్.

"నువ్వెలా రాశావు మరి?"

"నేను కొననక్కర్లేదు గదా!"

ఉషశ్రీ ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చింది. మొదట ఈమెయిల్ పోయింది. దాని వెనక పాస్‌వర్డు పోయింది. ఓటీపీ ఆ ఇళ్ళలో మగవాళ్ళ ఫోన్లకి వెళుతోందని తెలిసి అదీ తీసేసింది. చివరికి ఫోను నంబరు కూడా తీసేసి ఒక్క పేరు మాత్రం మిగిల్చింది. పేరు చెప్పడానికి ఎవరికేం కష్టం అనుకుంది.

విచిత్రం ఏమిటంటే ఇదివరకు తొమ్మిది మందైనా వచ్చేవారు. ఒక్క పేరే అడిగిన వారంలో ఆరుగురే వచ్చారు. వాళ్ళు పేరు దగ్గర రాసినవి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకరు 'ఇంకా అనుకోలేదు' అని రాశారు. ఒకరు 'వద్దు వద్దు' అన్నారు. మరొకరు 'చి.ల.సౌ. సుప్రియకు మేనత్త కాసులమ్మ దీవెనలతో' అని, కింద తేదీ కూడా వేశారు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆ రాతలు చూసి పొట్ట పట్టుకుని నవ్వుకున్నారు. అదే రామ్మోహనరావు గారికి చూపించి ఉంటే సంగతి అప్పుడే తేలిపోయేది. కానీ పాతిక ఆర్డర్ల మాట నెత్తి మీద ఉండగా, తన కష్టాలు తీసుకెళ్ళి మామగారికి చూపించే కోడలు ఎక్కడుంటుంది?

నిజానికి సమాధానం ఆమె రోజూ అన్నం తినే కంచం మీదే ఉంది.

ఆ కొట్లో గుమ్మం పక్కన సింహాచలం అనే ఆయన కూర్చుంటాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన పని గిన్నెల మీద పేర్లు చెక్కడం. చేతిలో చిన్న మిషను జుయ్యిమంటుంటే పళ్ళెం అంచున ముత్యాల్లాంటి అక్షరాలు పేర్చుకుంటూ పోతాడు. పెళ్ళికిచ్చే బిందె అయినా, గృహప్రవేశానికిచ్చే స్టీలు డబ్బా అయినా, ఇచ్చేవాళ్ళ పేరు, పుచ్చుకునేవాళ్ళ పేరు లేకుండా గడప దాటదు. ఆయన తల పైన గోడకి బోర్డు ఉంటుంది. 'పేరు చెక్కిన సామాను వాపసు తీసుకోబడదు.' బోర్డు ఉన్నా ఎప్పుడో ఒకప్పుడు చెయ్యి పొరపాటు పడుతుంది. ఒకరి పేరు ఒకరి గిన్నె మీదికి ఎక్కుతుంది, లేదా సంబంధమే తప్పిపోతుంది. అప్పుడు ఆ గిన్నె ఇంకెవరికీ పనికిరాదు. రామ్మోహనరావు గారు మారుమాట్లాడకుండా కొత్తదిచ్చి, పాతది మేడ మీదికి పంపించేస్తారు.

అలా అనకాపల్లి చుట్టుపక్కల ఎవరి పేరు పొరబాటు పడినా, ఆ గిన్నె చివరికి చేరేది అత్తగారు పద్మకుమారి వంటింటికే. ఉషశ్రీ కంచం మీద 'బిందుమాధవి' అని ఉంటుంది. మామగారి చెంబు మీద 'దేముడు మాస్టారి పదవీ విరమణ సందర్భంగా' అని ఉంటుంది. పద్మకుమారి ముప్పై రెండేళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళ పేర్లలోనే వండి వడ్డిస్తోంది. కొత్తలో ఉషశ్రీకి అది సరదాగా ఉండేది. తర్వాత అలవాటైపోయి చదవడం మానేసింది.

శ్రావణం ఇంకో నాలుగు రోజుల్లో వస్తుందనగా, ఒక ఉదయం సబ్బవరం అవతల్నించి ఒకావిడ ఆటో దిగి కొట్లోకి వచ్చింది. చెరుకు రైతుల కుటుంబమని ఎండకి కాలిన చేతులే చెబుతున్నాయి. గల్లాపెట్టె వైపు చూడకుండా, సామాన్లు చూడకుండా, నేరుగా మూలకి వచ్చి ఉషశ్రీ ముందు నిలబడింది.

"అమ్మా, ఫోన్లో కనిపిత్తన్న కొట్టు మీదేనా?"

"మాదేనమ్మా. కూర్చోండి. ఏం కావాలి?"

"ఏటీ వద్దు. సెక్కీసేరా?"

"ఏం చెక్కేశామమ్మా?"

"పేరు!" అంది ఆవిడ. "మా పిల్ల పేరమ్మా. కుమారి. సెక్కీసుంటే నేనేటి సెయ్యాలో సెప్పు తల్లీ."

ఉషశ్రీ ఆవిడని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మెల్లగా అడిగితే విషయం బయటికొచ్చింది. ఆవిడ పేరు అప్పలనర్సమ్మ. కూతురికి ఒక సంబంధం వచ్చింది. ఆదివారం పిల్లని చూడ్డానికి వస్తామన్నారు. తల్లి మనసు ఆగుతుందా? కొడుకు ఫోన్లో సామాన్లు చూస్తూ, ఒక గంగాళం ముచ్చటపడి దాని కిందున్న గుర్తు నొక్కింది. వెంటనే పేరడిగింది. పెళ్ళికూతురి పేరు కాబోలని 'కుమారి' అని కొట్టేసింది. కొట్టాక చెక్కేస్తారేమోనని భయం పట్టుకుంది.

"ఇంకా ఆళ్ళు సూడ్డానికే రాలేదమ్మా! నచ్చిందనలేదు, నచ్చలేదనలేదు. ఈలోపల పిల్ల పేరు గంగాళం మీద సెక్కించీసిందంట అని తెలిత్తే ఊర్లో నవ్వరా? రేపు ఈ సంబంధం తప్పిపోతే ఆ గంగాళం మొకం నా పిల్ల సూడగలదా? రెండ్రోజులై ముద్ద దిగట్లేదు. మా తోటికోడలు నాకంటే తెలివైంది. పేరడగ్గానే ఫోను మూసీసింది."

"ఎందుకు మూసేసింది?" అని అడిగింది ఉషశ్రీ.

సమాధానం గుమ్మం దగ్గర్నుంచి వచ్చింది. సింహాచలం మిషను ఆపి వింటున్నాడు.

"మూసీయదా మరి? ఈ కొట్లో పేరడిగేది నేనొక్కణ్ణే గదమ్మా. సావుకారు దర సెప్తాడు, ఇంకొకటి సూపిత్తాడు. నేను పేరడిగేనంటే ఇంక బేరం అయిపోయినట్టే. ఎనక్కి తీసుకోడం ఉండదు. సుట్టుపక్కల ఊర్లన్నిటికీ తెలుసది."

అన్ని వందల సార్లు నొక్కినవాళ్ళు ఎందుకు పారిపోయారో ఉషశ్రీకి అప్పుడు తెలిసింది. వాళ్ళకి ఓపిక లేకకాదు, రాయడం రాకకాదు. చూసుకుందామని వచ్చినవాళ్ళని తాను 'కొనేసినట్టేనా?' అని గద్దించింది. ఒక్క పేరే మిగిల్చి ఎంతో సులువు చేశాననుకుంది గానీ, తీయకుండా ఉంచిందే అన్నిటికంటే పెద్ద అడ్డం. సిగ్గుపడింది. ఆ వెంటనే, 'వద్దు వద్దు' అని రాసిన అజ్ఞాత వనిత మీద చెప్పలేనంత ప్రేమ పుట్టింది.

"మీ కుమారి పేరు ఎక్కడా చెక్కలేదమ్మా. ఇదిగో చూడండి, మీ ముందే తీసేస్తున్నాను," అని ల్యాప్‌టాప్ తిప్పి చూపించి తుడిచేసింది.

అప్పలనర్సమ్మ ఊపిరి పీల్చుకుంది. ప్రాణం కుదుటపడ్డాక కోపం వచ్చింది. అది న్యాయమైన కోపమే.

"సూసుకోడానికి పేరెందుకమ్మా? నేను కొట్లోకొచ్చి పది బిందెలు తిప్పి సూత్తాను. మీ మావ నా పేరడుగుతాడా?"

"అడగరమ్మా," అంది ఉషశ్రీ.

ఆ రోజే మొత్తం పీకేసింది. ఇప్పుడు హార్టు నొక్కితే అది ఎర్రబడుతుంది, అంతే. ఏ పేజీ రాదు, ఎవరూ ఏమీ అడగరు. నచ్చినవన్నీ ఆ ఫోన్లోనే ఒకచోట చేరి ఉంటాయి, ఎవరివో తెలియకుండా ఉషశ్రీ ల్యాప్‌టాప్‌లోనూ ఉత్త జాబితాలుగా కనిపిస్తాయి. జాబితా పైన పెద్ద అక్షరాలతో 'ఇది చూసుకోడానికే. ఎవరి పేరూ చెక్కం' అని రాసింది. ఫోను మారితే జాబితా పోతుంది కాబట్టి, అట్టడుగున ఇంకో మాట చేర్చింది. 'ఈ జాబితా వేరే ఫోన్లో కూడా కావాలంటే నంబరు ఇవ్వండి. ఇవ్వకపోయినా ఫరవాలేదు.' పక్కనే, అక్కకో అత్తకో వాట్సాప్‌లో పంపుకోడానికి ఒక బటను పెట్టింది.

"నంబరు లేకపోతే వాళ్ళకి ఫోన్ చేసి ఏమైందండీ అని ఎలా అడుగుతాం?" అన్నాడు ధనుంజయ్.

"అడగం. నచ్చినప్పుడు వాళ్ళే వస్తారు."

ఆ మాట అనడం సులువు కాదు. పాత కంపెనీలో ఒక్క ఫోను నంబరు కోసం పై ఆఫీసర్లు ఎంత తాపత్రయపడేవారో ఆమెకి తెలుసు. నంబరు చేతిలో ఉంటే మనిషి చేతిలో ఉన్నట్టే అనేవారు. ఆమెకీ చవితి లోపల పాతిక ఆర్డర్లు కావాలి. అయినా అప్పలనర్సమ్మ మొహం గుర్తొచ్చి, నంబరు మీద ఆశ అక్కడే వదిలేసుకుంది.

రామ్మోహనరావు గారికి మాత్రం ఇది మింగుడుపడలేదు.

"పేరు లేదు, ఊరు లేదు. చూసినోళ్ళు ఎవరో మనకెలా తెలుత్తాదమ్మా?"

"కొట్లోకొచ్చి చూసి వెళ్ళిపోయేవాళ్ళెవరో మీకు తెలుస్తుందా మామయ్యగారూ?"

"మొహం చూత్తాను గదా!"

"నేను వాళ్ళ జాబితా చూస్తాను."

ఆమె నిజంగానే చూసేది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ పేరు లేని జాబితాలు ఒక్కొక్కటీ తిరగేసేది. వారంలో యాభై ఎనిమిది వచ్చాయి. శ్రావణం సగానికి మూడు వందలు దాటాయి. ఒకదానిలో అన్నీ ఇద్దరికి సరిపోయే చిన్న గిన్నెలే. అది కొత్తగా వేరుపడ్డ కాపురం అయ్యుంటుంది. ఒకదానిలో వరసగా ఏడు గరిటెలు. ఏడుగురు తోటికోడళ్ళా, లేక గరిటెలంటే పిచ్చా? ఇంకొకరు ఒకే కుందిని రోజూ పెడుతూ, తీస్తూ ఉన్నారు. వాళ్ళు ఎవరో తెలియకపోయినా ఉషశ్రీకి వాళ్ళంతా చుట్టాల్లాగే అనిపించేవారు. తెల్లారి లేస్తే వాళ్ళేం దాచుకున్నారోనని ఆత్రంగా ఉండేది.

కొట్లో కూడా ఏదో మారింది. పూడిమడక నుంచి ఒకాయన వచ్చి, ఒక్క వస్తువు కూడా ముట్టుకోకుండా ఫోను తీసి రామ్మోహనరావు గారి ముందు పెట్టాడు.

"మా ఆడది పంపింది బాబూ. ఇయ్యి కట్టీయండి."

పదహారు సామాన్లు. అరగంటలో బేరం ముగిసింది. తర్వాత వారంలో అలా ఫోన్లు పట్టుకుని ఇరవై ముప్పై మంది వచ్చి ఉంటారు. ఆటోలకి సామాన్లెక్కించలేక ధనుంజయ్ నడుం పట్టేసింది. సింహాచలం మిషనుకి తీరిక లేదు. కానీ వాళ్ళంతా కొట్లోనే కొన్నారు, చెయ్యి పెట్టి చూసుకునే కొన్నారు. ఫోన్లో ఆర్డరు పెట్టి ఇంటికి తెప్పించుకున్నవాళ్ళు పదకొండు మంది. ఉషశ్రీ ఎన్నిసార్లు చూసుకున్నా ఆ అంకె కదల్లేదు.

చవితి ముందు రోజు మధ్యాహ్నం రామ్మోహనరావు గారు భోజనానికి మేడెక్కారు. పద్మకుమారి వడ్డిస్తోంది. ఆయన అడిగేలోపల అడిగించుకోవడం ఇష్టంలేక ఉషశ్రీయే చెప్పేసింది.

"పదకొండే వచ్చాయి మామయ్యగారూ."

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. సంతోషం ఏమీ లేదు ఆ మొహంలో.

"ఫోన్లు పట్టుకుని కొట్టుకి చాలామందే వచ్చేరమ్మా. నేను చూడలేదనను. కానీ శ్రావణంలో ఏటేటా వత్తారు గదా. ఎవరు నీ కోసం వచ్చేరో, ఎవరు మామూలుగా వచ్చేరో ఎలా తేల్చడం?"

"తేల్చలేం. మాట మాటే. రేపు పూజయ్యాక ఫోను కొట్టు తీసేస్తాను," అంది ఉషశ్రీ. గొంతు బాగానే నిలబెట్టుకుంది గానీ కళ్ళు మాట వినలేదు. కంచం వైపు వంగి కూర్చుంది.

"అన్నయ్య అడుగుతాడమ్మా. మాట నేనే అన్నాను, కోడలని నేనే తప్పేనంటే..." అని ఆయన మిగతాది మింగేశారు.

పద్మకుమారి పప్పు గిన్నె కింద పెట్టింది. ఆవిడ మామూలుగా ఈ వ్యాపారం మాటల్లో దూరదు. వడ్డించి పక్కకి జరుగుతుంది. ఇవాళ జరగలేదు.

"తీసేత్తే, అందులో దాచుకున్నవన్నీ పోతాయా ఉషా?"

"పోతాయి అత్తయ్యా."

"అందరివీనా?"

"అందరివీ."

ఆవిడ ఫ్రిజ్ మీదున్న తన ఫోను తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"నావి పంతొమ్మిదున్నాయి," అంది.

ఎవరికీ అర్థం కాలేదు. రామ్మోహనరావు గారు తలెత్తి చూశారు.

"నువ్వు ఆషాఢంలో నా ఫోన్లో పెట్టిచ్చేవు గదమ్మా, చూడండత్తయ్యా అని. అప్పుడే ఒకటి నచ్చి నొక్కేను. పేరడిగింది. భయమేసి మూసీసేను. నా పేరు రాత్తే మీకందరికీ తెలిసిపోద్ది, ఈవిడకి ఈ వయసులో కొత్త గిన్నెలు కావలిసొచ్చేయా అనుకుంటారని. తర్వాత ఎప్పుడో మళ్ళీ నొక్కితే ఏటీ అడగలేదు. ఊరికే ఎర్రగా అయ్యింది. అప్పట్నించీ మధ్యాహ్నం మీరు కునుకు తీసినప్పుడు చూసుకుంటున్నాను."

"ఇంట్లో సామాన్లకేం తక్కువే?" అన్నారు రామ్మోహనరావు గారు నెమ్మదిగా.

"తక్కువని అన్నానా? మన కొట్లో గిన్నెలు ఊరందరూ ఏరుకున్నారు. వాళ్ళకి పనికిరానివి నా దగ్గరికొచ్చేయి. నేను వండేను. తప్పని అనటం లేదండీ, మీరు కావాలని చేసింది కాదు, నేనూ అడగలేదు. కానీ ముప్పై రెండేళ్ళు గిన్నెల కొట్టు మీద కాపురం చేసి, నాకు ఎలాంటి గిన్నె ఇష్టమో నాకే తెలీదు. ఇప్పుడు కొంచెం కొంచెం తెలుత్తోంది. నాకు అంచు మడత పెట్టినవి ఇష్టమంట. నాకేం తెలుసు?" ఆవిడ నవ్వింది. "కొనమని అడగను. చూసుకోనివ్వండి చాలు. రేపు తీసేత్తే ఇవి పోతాయి గదా అని, అందుకు చెప్పేను."

ఉషశ్రీ లేచి వెళ్ళి అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఎడమచేత్తోనే పట్టుకుంది, కుడిచేతికి ఎంగిలి. ఊళ్ళో ఎవరెవరివో మూడు వందల జాబితాలు చదివి మురిసిపోయింది గానీ, రెండేళ్ళుగా తనకి అన్నం పెడుతున్న మనిషిని ఒక్కసారి కూడా మీకేమిష్టం అని అడగలేదు. ఆ సంగతి దాచుకోలేక అత్తగారితో చెప్పేసింది కూడా.

"అడిగితే చెప్పేదాన్ని కాదులే," అంది పద్మకుమారి.

రామ్మోహనరావు గారి చేతిలో అన్నం ఆరిపోయింది. గిన్నె మోగించి ఎంత మందమో చెప్పే మనిషి, రోజూ మూడుపూటలా ఎదురుగా నిలబడి వడ్డించే భార్య వైపు కొత్తమనిషిని చూసినట్టు చూశారు.

"ఏటేటి ఉన్నాయందులో?"

"చెప్పను."

"నేను కూడా చూడకూడదా?"

"కొట్లోకొచ్చినోళ్ళు ఏం చూసుకుంటున్నారో అని మీరు వాళ్ళ వెనకే తిరుగుతారా? నాకూ అంతే మర్యాద ఇవ్వండి."

ఆయన లేచి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నారు. చెప్పులేసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మా ఉషా, రేపు పండగ. ఎల్లుండి పొద్దున్న తొమ్మిదింటికి కొట్టు తెరుత్తాం. నీ కుర్చీలో నువ్వుండాలి."

"మరి పాతిక మాటో, మామయ్యగారూ? పెదమామయ్యగారు అడిగితే?"

"అన్నయ్యకి నేను చెప్పుకుంటాను. పెద్ద పార్టీ ఒకటుంది, పంతొమ్మిది సామాన్లు చూసి పెట్టుకుంది, ఇంకా తేల్చుకోలేదు, అలాంటి బేరాన్ని మధ్యలో వదిలీకూడదని చెప్తాను. వ్యాపారం తెలిసినోడే, అర్థం చేసుకుంటాడు."

పద్మకుమారి ఫోనుని చీర కొంగులో చుట్టి, ఆ కొంగు నడుముకి దోపుకుంది.

"తేల్చుకోడానికి చాలా రోజులు పడుద్దండీ," అంది.

"పట్టనియ్యి," అన్నారు ఆయన, మెట్లు దిగుతూ.